ఉంగరపు వేలు

"ఎడమ చెయ్యే కదా తల్లీ, నీ అదురుష్టం బాగుండాది" అంది చెంగమ్మ. తిరుచానూరులో పూలమ్ముకునే మనిషి, మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకుని, కాలు బారచాపుకుని కూర్చుని, తన కాలి సంగతి మరిచిపోయి చుట్టుపక్కల అందరి ఎముకల మంచిచెడ్డలూ విచారిస్తోంది. నోరు తెరిస్తే మంచి మాట రాదని జ్ఞానాంబకు తెలుసు. పుత్తూరు పక్కన ఈ పల్లెలో, కట్టు వైద్యుడు వెంకటముని ఇంటి ముందున్న తాటాకుల కొట్టం వసారాలో కూర్చుని, చిత్తూరు నుంచి, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సు ఎక్కింది మొదలు ఇదే మాట వింటోంది. బస్సు డ్రైవరు అన్నాడు. దారిలో ఎదురైన ముసలాయన అన్నాడు. ఎద్దు తన్ని మోకాలు చితికిన రైతు, మూలుగు మధ్యలో ఆపి మరీ అన్నాడు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో, స్వరాజ్యం వస్తుందో రాదో ఏ ఇద్దరినడిగినా ఒక్క మాట చెప్పరు గానీ, తన ఎడమ చెయ్యి విషయంలో మాత్రం జిల్లా అంతా ఏకమైపోయింది. పక్కన కూర్చున్న మేనత్త సంతోషమ్మ వక్క నములుతూ, "అవునమ్మా, దేవుడు సల్లగా సూసినాడు" అని వచ్చినవాళ్ళందరికీ వంత పాడుతోంది. చల్లగా చూశాడట. చూసేవాడైతే ఆ పూట తన వేలి మీద పడ్డ హార్మోనియం పెట్టె వైపు చూడొద్దా?

ఒళ్ళో చెయ్యి మొద్దులా పడి ఉంది. కోడిగుడ్డు సొన, ఆకు పసరు కలిసి ఎండిపోయిన నీచు వాసన. పోయినసారి వచ్చినప్పుడు వెదురు దబ్బలు పెట్టి నాలుగు వేళ్ళూ కలిపి చుట్టేశాడు వెంకటముని. బొటనవేలూ చూపుడు వేలి కొసా మాత్రం బయటికి తొంగి చూస్తున్నాయి. లోపల ఒకటే దురద. ఇవాళ విప్పుతాడు. విప్పితే ఉంగరపు వేలు నడిమి కీలు దగ్గర వంగుతుందో వంగదో తేలిపోతుంది. వంగితే గిటారు ఉన్నట్టు. వంగకపోతే లేనట్టు. ఇంత చిన్న సంగతి, ఇంత పెద్ద సంగతి, అత్తకు చెబితే "గిటారు లేకపోతే కూడు జీర్ణం కాదా?" అంటుంది. కొట్టం లోపల ఎవరో కల్లుగీసేవాడు, చెట్టు మీంచి పడ్డవాడు, ఒక్కసారిగా కేక పెట్టాడు. కేక ఆగగానే రోట్లో ఆకు నూరుతున్న చప్పుడు మళ్ళీ వినబడింది. అతని తర్వాత తన వంతు. జ్ఞానాంబ చూపుడు వేలి కొసను పెదవికి ఆనించి చూసుకుంది. మెత్తగా ఉంది. ఆ మెత్తదనం చూసి ఆమెకు కడుపు మండింది. తీగ కోసి కోసి, బొబ్బలెక్కి, అవి చితికి, ఉప్పు తగిలితే మండి, పులుసన్నం కలుపుకోవాలంటే భయపడి, చివరికి ఎలాగో కాయలు కాసిన చర్మం అది. ఇప్పుడు పొలుసులు పొలుసులుగా రాలిపోతోంది. రోకలి పట్టి కుడిచెయ్యి కాయలు కాస్తే పనిమంతురాలంటారు. తీగ నొక్కి ఎడమ చేతి వేళ్ళు కాయలు కాస్తే, "ఆ వేళ్ళకు ఏమి జబ్బొచ్చినాది?" అని అడిగారు, అదీ ప్రేమగా.

రొజారియమ్మ ఒక్కతే ఆ వేలిని వెలుతురుకు పట్టుకుని చూసి, బొటనగోటితో గిచ్చి, "ఆ, ఇప్పుడు కొంచం తోలు వచ్చినాది" అంది. ఆమె అసలు పేరు మిసెస్ రొజారియో. పాకాల జంక్షన్‌లో రైలు గార్డుగా చేసి పోయిన దొర భార్య. ఆయన పోయాక చిత్తూరు వచ్చి ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పుతోంది. అదే బడిలో జ్ఞానాంబ చిన్న తరగతుల టీచరు. రొజారియమ్మ తెలుగు, అరవం, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడుతుంది, మూడింట్లోనూ తిడుతుంది. ఆమె ఇంట్లో గోడకు మొగుడి కోటు పక్కన గిటారు వేలాడుతుండేది. ఒక సాయంత్రం, కుట్టు మిషను నూనె ఇవ్వడానికి వెళ్ళిన జ్ఞానాంబ దాని వంకే చూస్తూ నిలబడితే, తీసి ఒళ్ళో పెట్టింది. అప్పుడు తను చేసిన తప్పు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మెడ మీద మెట్లున్నాయి, వాటి మీద వేళ్ళు పెట్టి తీగలు నొక్కాలి, అంటే అదే కష్టమైన పని, అదే గొప్ప పని అని చూడగానే తెలిసింది. గొప్ప పని కుడిచేతిది కదా! అందుకని గిటారును అటుది ఇటు తిప్పేసి, మెడ కుడివైపుకు వచ్చేలా పట్టుకుని, కుడిచేతి వేళ్ళు బుద్ధిగా మెట్ల మీద పెట్టింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బెదిరించలేదు, తనంతట తానే. రొజారియమ్మ పగలబడి నవ్వి, నవ్వు ఆపి, గిటారును మళ్ళీ తిప్పి పెట్టింది. "కుడి సెయ్యి ఊరికే గీకేదానికి. కూలికి వచ్చిన సెయ్యి అది. బుద్ధంతా ఈ సేతిలో ఉండాల" అని ఎడమ మణికట్టు పట్టుకుని ఊపింది. ఎవరైనా ఆ చేతిని పట్టుకోవడం అంతకు ముందు కొట్టడానికే జరిగేది.

బొటనవేలు మెడ వెనకాల నిలబడాలి, ముందుకు తల ఎత్తకూడదు. మణికట్టు ముందుకు రావాలి. వేళ్ళు వంగి, కొసల మీద నిలబడి, తీగను పైనుంచి నొక్కాలి. పడుకున్నాయా, పక్క తీగ నోరు కూడా మూసుకుపోతుంది. మెట్టు మీద కాదు, మెట్టుకు కాస్త ఇవతల నొక్కాలి. దూరమైతే తీగ జుయ్యిమని ఏడుస్తుంది. గోళ్ళు ఉండకూడదు. "వంచు, వంచు! సచ్చిన పామును పండేసినట్ల పండేసినావే!" అని రొజారియమ్మ కుట్టుపని చేసే స్కేలుతో వేళ్ళ కింద పొడిచేది. చూపుడు వేలు తొందరగా మాట విన్నది. నడిమి వేలు దాని వెనకే పోయింది. ఉంగరపు వేలు మాత్రం పెళ్ళివారి ముందు కొత్త కోడలిలా, పిలిచినా కదలదు, కదిలినా నిలవదు. బడిలో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే బల్ల కింద ఆ ఒక్క వేలినే వంచి, లేపి, వంచి, లేపి సాధన చేసేది జ్ఞానాంబ. అన్నం వార్చేటప్పుడు గరిటె కాడ మీద. చర్చిలో ప్రసంగం సాగుతుంటే పైట చాటున మోచేతి మీద. ఎప్పటికో ఒక మధ్యాహ్నం, బయట గాలివాన వచ్చేలా ఉంది, రొజారియమ్మ ఆరేసిన గుడ్డలు తీయడానికి పెరట్లోకి పోయింది. ఒంటరిగా కూర్చుని మూడు వేళ్ళూ ఒక్కసారి దించింది. ఉంగరపు వేలు అయిదో తీగ మీద మూడో మెట్టుకు ఇవతల పడి, వంగి, నిలబడింది. కుడిచెయ్యి పైనుంచి కిందికి గీసింది. ఒక్క తీగ కూడా జుయ్యిమనలేదు. తీగలన్నీ కలిసి పలికిన ఆ పలుకు గిటారు డొక్కలోంచి నేరుగా తన డొక్కలోకి వచ్చింది.

అప్పుడు ఆమెకు కలిగింది సంతోషం అనుకుంటే పొరపాటు. కోపం వచ్చింది. అలవిగాని కోపం. ఇంత చేయగలిగిన చేతిని పట్టుకుని ఇన్నేళ్ళూ ఏం చేశారు వీళ్ళంతా? తను పుట్టుకతోనే పుర్రచెయ్యి. పాకే వయసులో గిలక్కాయ ఎడమచేత్తో అందుకుందని మొదట చూసి ఉలిక్కిపడింది అమ్మే. కూడు తినే వేళకు పాత చీర అంచు చించి, ఆ చేతిని మొలకు కట్టేసేది. కట్టేటప్పుడు ముద్దు పెట్టుకునేది కూడా, "నీ మంచికే బంగారూ" అని. ఆ ముద్దును క్షమించడమే అన్నిటికంటే కష్టం. బళ్ళో అయ్యవారు పలక మీద ఎడమచేత్తో దిద్దిన అక్షరాలు ఎంత చక్కగా ఉన్నాయో చూసి, చక్కగా ఉన్నాయని ఒప్పుకుని, చెరిపేసి, కణుపుల మీద కొట్టి, కుడిచేత్తో వంకరటింకరగా దిద్దిస్తే మెచ్చుకున్నాడు. అంగట్లో సుబ్రమణ్యం శెట్టి ఎడమచేత్తో చాపిన చిల్లర తీసుకోనని, బోణీ చెడిందని నీళ్ళు చల్లాడు. సరే, వాళ్ళ శాస్త్రాలు వాళ్ళవి. చర్చిలో ఏమయింది? మొదటిసారి ప్రభువు బల్ల దగ్గర మోకరించి, భయభక్తులతో, తనకు సహజమైన చెయ్యి చాపితే, పాస్టరయ్య రొట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తను చెయ్యి మార్చేదాకా దేవుడు కూడా గాలిలో ఆగిపోయాడు. తీర్పు రోజున మేకల్ని ఎడమ పక్కన నిలబెడతారని చెప్పిన ఆదివారం పిల్లలంతా తిరిగి తన వంకే చూశారు. ఈ ఊళ్ళో బండి కట్టేవాడికి ఎవరికైనా తెలుసు, కుడిపక్క వలపటి ఎద్దూ ఎడమపక్క దాపటి ఎద్దూ రెండూ లాగితేనే బండి కదులుతుందని. దాపటి ఎద్దుకు మేత మానిపించి కొట్టంలో కట్టేసినవాణ్ణి వెర్రివాడంటారు. మనిషి చేతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఏ గంగలో కలుస్తుందో!

"ఏమ్మే, ఆ మొగమేంది అట్ల పెట్టుకోనుండావు? నొప్పిగా ఉండాదా?" అంది సంతోషమ్మ.

"లేదు."

నొప్పి కాదత్తా, ఒళ్ళుమంట అనుకుంది. అత్త మంచిది. ఈ ఎండలో, ఆ పొగ బస్సులో, తన మోకాళ్ళ నొప్పులతో వెంట వచ్చింది. మంచివాళ్ళ మీద కోపం వస్తే ఎక్కడ దించుకోవాలో తెలియదు. చర్చిలో హార్మోనియం వాయించే రాజారత్నం మీద కోపమైతే దించుకోవచ్చు, ఎంతైనా దించుకోవచ్చు, తరగదు. చర్చి హార్మోనియం ఆయనది కాదు, కానీ ఆయనదే. కుడిచెయ్యి మెట్ల మీద రాజాలా నడుస్తుంటే, ఎడమచెయ్యి వెనకాల పంకా లాగే మనిషిలా గాలి కొడుతూ ఉంటుంది. ఆయన దృష్టిలో ఎడమచెయ్యి ఉన్నది అందుకే. పందిట్లో సువార్త కూడికలకు హార్మోనియం పెట్టె మోసుకుపోవాలి. మగవాళ్ళు ముగ్గురే ఉన్నారు, నాలుగో మూల పట్టమని జ్ఞానాంబను పిలిచారు. ఆ పూట ప్రార్థనకు ముందు గిటారు వాయించడానికి రొజారియమ్మ ఆమెను ఒప్పించింది. ఒక్క కీర్తన, తీగల మీద రెండే రెండు పట్లు, అయినా పొద్దుటి నుంచీ ఆమెకు అన్నం సయించలేదు. పెట్టె చర్చి మెట్లు దిగుతోంది. రాజారత్నం భుజం మీది కండువా జారింది. జరీ అంచు కండువా, మట్టిలో పడుతుందేమోనని పెట్టె వదిలి కండువా పట్టుకున్నాడు. పట్టుకున్నాడు, పడలేదు, మట్టి అంటలేదు. పెట్టె బరువంతా వచ్చి, పెట్టెకూ రాతి మెట్టుకూ మధ్య ఇరుక్కున్న జ్ఞానాంబ ఎడమచేతి ఉంగరపు వేలి మీద పడింది. ఆ తర్వాత తనకు గుర్తున్నది తన కేక కాదు, "హార్మోనియంకు ఏమన్నా అయినాదా?" అన్న ఆయన గొంతు.

అంతటితో పోయినా బాగుండేది. ఆదివారం ఆయన లేచి నిలబడి కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. అందరి ముందూ, కళ్ళు మూసుకుని, గొంతు వణికించి, "నాయనా, మా చెల్లెలు జ్ఞానాంబ కుడిచేతిని కాపాడిన నీ కృపకు స్తోత్రం, ఎడమచేతితో సరిపెట్టిన నీ దయకు స్తోత్రం" అన్నాడు. ఎడమచేతితో సరిపెట్టాడట, బైబిలు కథలో పొట్టేలును బలిచ్చి కొడుకును దక్కించుకున్నట్టు! చర్చి అంతా ఆమెన్ అంది. అమ్మ అంది. అత్త గట్టిగా అంది. రొజారియమ్మ రోమను చర్చికి పోతుంది గనుక అక్కడ లేదు. ఉంటే స్కేలు తెచ్చేది. జ్ఞానాంబ ఒక్కతే ఆమెన్ అనకుండా పళ్ళు బిగబట్టి కూర్చుంది. తన వేలి తరఫున దేవుడికి తను ఏ స్తోత్రమూ పంపలేదు, ఎవరో తన పేరు చెప్పి పంపేశారు. కోపమంటే అదీ. ఏడిస్తే నొప్పికి అనుకుంటారని ఏడవను కూడా లేదు.

కల్లుగీసేవాణ్ణి ఇద్దరు మోసుకుని బయటికి తెచ్చారు. లోపల నుంచి, "సిత్తూరోళ్ళు రండి" అని వెంకటముని పిలిచాడు. సంతోషమ్మ లేస్తూ పైట సర్దుకుని, గొంతు తగ్గించి, "సూళ్ళూరుపేట వాళ్ళు వచ్చే నెల వస్తామన్నారు. అంతలోపల వేలు సక్కగా అయిపోతే పీడ పోతాది. ఉంగరం తొడిగేది ఆ వేలికే కదమ్మే" అంది. సూళ్ళూరుపేట సంబంధం, కాంపౌండరు, ఒకసారి చూశాడు, తనూ చూసింది. చెడ్డగా లేడు. ఆ సంగతి వేరు. కానీ ఇదేమి మాట? ఇప్పటిదాకా ఎందుకూ కొరగాని చేతికి, పాస్టరయ్య ముందు తొడిగే పెళ్ళి ఉంగరం అనగానే ఎక్కడలేని విలువ వచ్చిపడిందా? తినడానికి పనికిరాదు, రాయడానికి పనికిరాదు, రొట్టె అందుకోవడానికి పనికిరాదు. ఒకరి సొమ్ము అని ముద్ర వేయడానికి మాత్రం పనికొస్తుంది. తలుపు దగ్గర గడప తగిలి తూలింది. అత్త పట్టుకుంది.

లోపల కుంపటి వెలుగుతోంది. వెంకటముని పీట మీద కూర్చుని, కట్టు కోసి, దబ్బలు ఊడదీసి, గోరువెచ్చని నీళ్ళతో కడిగాడు. బయటపడ్డ చెయ్యి తనదేనా అనిపించింది. పాలిపోయి, ముడతలు పడి, చిక్కిపోయి, ఉంగరపు వేలి నడిమి కీలు మాత్రం నిమ్మకాయంత ఉబ్బి ఉంది. "వంచు అమ్మణ్ణీ" అన్నాడు. చూపుడు వేలు వంగింది. నడిమి వేలు వణికి వంగింది. చిటికెన వేలు వంగింది. ఉంగరపు వేలికి చెప్పింది. బతిమాలింది. గరిటె కాడ మీదా మోచేతి మీదా అన్నాళ్ళు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. అది మొదటి కీలు దగ్గర కదిలింది గానీ నడిమి కీలు దగ్గర కర్రలా నిలిచిపోయింది. వెంకటముని కీలు చుట్టూ నొక్కి చూసి, కొంచెం అటూ ఇటూ ఆడించి, ఆమె పళ్ళు బిగబట్టడం చూసి వదిలేశాడు. సంతోషమ్మ వైపు తిరిగి చెప్పాడు, వేలు అత్తదైనట్టు.

"లోపల కీలు నలిగిపోయుండాదమ్మా. మొదటి కీలు ఆడతాది. నడిమిది ఇంక దానంతట అది ఆడదు. ఇప్పుడింకా పచ్చిగా ఉండాది గాబట్టి మనం పట్టి కదిలిస్తే కదుల్తాది. ఈ కట్టుతో బిగిసిపోతాది. నేనెట్ల కడితే అట్లనే నిలిచిపోతాది."

"నేరుగా కట్టు సామీ" అంది సంతోషమ్మ వెంటనే. "పెండ్లి కావాల్సిన బిడ్డ. సూసేదానికి వంకర ఉండకూడదు."

"నేరుగానే కడతా. ఎవురికైనా అట్లనే కడతా" అని ఆయన సాపుగా చెక్కిన దబ్బ అందుకున్నాడు.

ఎలా కడితే అలా. జ్ఞానాంబ చెవుల్లో ఆ మాట తిరుగుతోంది. వంగదు అన్నమాట గుండెలో ఇంకా పూర్తిగా దిగనే లేదు, దిగేలోపలే ఈ మాట వచ్చి దాని మీద కూర్చుంది. వంగి, లేచి, వంగి, లేచి ఆడే వేలు ఇక లేదు. సరే. కానీ మొదటి కీలు ఆడుతుంది. గిటారు మీద వేలు చేసే పనేమిటి? వంగి నిలబడటం. దిగడం, లేవడం మొదటి కీలు చూసుకుంటుంది. నిలబడటం నడిమిది చూసుకుంటుంది. వంగి నిలబడితే చాలు, జన్మంతా అలాగే నిలబడితే మరీ మంచిది. రొజారియమ్మ ఇక స్కేలుతో పొడవనక్కర్లేదు. దబ్బ అప్పుడే వేలి కింద చల్లగా తగులుతోంది. నేరుగా, అందంగా, దేనికీ పనికిరాకుండా, ఉంగరం కోసం చాపిన వేలు.

"ఆగన్నా" అంది. గొంతు తను అనుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. బయట చెంగమ్మ మాటలు కూడా ఆగిపోయాయి. "వంచి కట్టు."

వెంకటముని మొదటిసారి ఆమె మొహం చూశాడు. "వంచి కడితే కొక్కి మాదిరి ఉంటాదమ్మణ్ణీ. సచ్చేదాకా అట్లే. చీరకు తగులుకుంటాది. పిండి పిసికేదానికి రాదు. ఉంగరం ఎక్కదు."

"తెలుసు."

"దీనికేమన్నా మతి పోయినాదా?" సంతోషమ్మ లబలబలాడింది. "దీని మాట కాదు సామీ, నేను సెప్తా ఉండా. నేరుగా కట్టు. మే, ఎవురికి సెప్పాలే నేను, మీ నాయనకు ఏమని సెప్పాలే? పాస్టరయ్య ఉంగరం యాడ తొడిగిస్తాడు?"

"కుడిచేతికి తొడిగించమను. మంచి చెయ్యి కదా, దేవుడు కాపాడి పెట్టినాడు కదా, మీరంతా ఆమెన్ అన్నారు కదా!" ఒక్క ఊపిరిలో అనేసింది. "చెయ్యి నాది అత్తా. ఇన్నాళ్ళూ మీరు కట్టినట్ల పడుండాది. ఈ కట్టు మాత్రం నేను చెప్పినట్ల కట్టాల."

అత్త నోరు తెరిచింది. ఏదో అనబోయింది. ఆ లోపలే జ్ఞానాంబ ఆమె ముంజేతిని, గిటారు మెడను పట్టినట్టు, ఎడమచేత్తో కింద నుంచి పట్టుకుంది. ముసలి ముంజెయ్యి, ఎముకా నరాలూ, దాని మీద చెమట. బొటనవేలు వెనకాల నడిమిన నిలిపింది. చూపుడు వేలు దాని చోట దించింది, నడిమి వేలు దాని చోట దించింది. తర్వాత కుడిచేత్తో ఉంగరపు వేలిని పట్టుకుని, కొస ఎముక మీద నిటారుగా నిలబడేదాకా మెల్లగా వంచింది. కళ్ళ ముందు కొట్టం నల్లబడింది. నీళ్ళు బుగ్గల మీదుగా కారి గడ్డం కింద చుక్కలుగా పడ్డాయి. నొప్పికే ఏడిచింది, ఎవరేమనుకున్నా సరే.

"ఇట్ల. ఇంత. ఇదిగో సూడు, ఇట్లనే కట్టన్నా."

వెంకటముని వంగి ఆ వేళ్ళ వంపు చూశాడు. సాపు దబ్బను పక్కన పడేసి, ఇంకో వెదురు బద్ద తీసుకుని, కుంపటి సెగకు పట్టి, ఆ వేలి వంపుకు సరిపోయేలా కొంచెం కొంచెంగా వంచసాగాడు. సంతోషమ్మ చెయ్యి లాక్కోబోయింది.

"కదలొద్దమ్మా" అన్నాడాయన, తల ఎత్తకుండానే. "కొలత పోతాది."

సంతోషమ్మ మేనకోడలి మొహం వంక చూసింది. లాక్కోబోయిన చెయ్యి అలాగే ఉంచేసింది.